తూటాకు కొవ్వెందుకు?

పోయిన సంవత్సరం బి.ఏ. రెండవ సంవత్సరం తరగతిలో దేశభక్తి కవిత్వాన్ని గురించి చెబుతూ, ప్రసక్తి వచ్చి 1857 దగ్గర కొంతసేపు ఆగాను. ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలు, వాటిని పళ్లతో కొరకవలసి రావడం, మంగళ్ పాండే - అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, అసలు తూటాకు కొవ్వెందుకు పూయాలండీ?" అని అడిగాడు. వాళ్ల నాన్నకు లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఎక్కడ ఏ గ్రీజు ఎందుకు పెడతారో పుట్టినప్పటినుంచీ చూస్తూ పెరిగినవాడు. తొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు. "జారడానికి" అని ఏదో అన్నాను. "దేనిమీద జారడానికండీ?" అన్నాడు. గంట కొట్టారు, బతికిపోయాను.

కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. సిపాయి యుద్ధం మీద కే వ్రాసిన చరిత్ర మొదలు అమెరికా కాంగ్రెసు ఉపసంఘం విచారణల దాకా, కొన్ని నెలలు దొరికినవి దొరికినట్లు చదివాను. తెలుగు మాస్టారికి తుపాకుల గొడవేమిటని తోటి అధ్యాపకులు నవ్వారు. నవ్వదగిందే. అయితే 1857ను మతవిశ్వాసాల కథగా మాత్రమే చెప్పుకుంటూ వచ్చిన మనం, ఆ కథలోని భౌతిక వస్తువును ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూడకపోవడం అంతకంటె నవ్వదగిన సంగతి.

ముందు మందు సంగతి చూద్దాం. ఆనాటి నల్లమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. అది కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారదు, ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లని పొగగా బయటికి పోతుంది. తక్కినది గొట్టం లోపలి గోడకు అంటుకుంటుంది. మసి, కిట్టం, ఏ పేరైనా పెట్టుకోండి. వరసగా పేలుస్తున్నకొద్దీ పొరమీద పొర పేరుకుంటుంది. ఆ సురేకారంలో చాలాభాగం బీహారు నేలమీద నోనియాలనే కూలికులం వాళ్లు గోకి, నీళ్లలో కరగబెట్టి, కాచి తీసిందే. దాన్ని కొని అమ్ముకున్నది కంపెనీ. బ్రిటిషు సామ్రాజ్యపు ఫిరంగులు బీహారు మట్టితో పేలాయని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఈ కిట్టం గుణం గాలినిబట్టి మారుతుంది. అందులోని లవణాలు తేమను పీలుస్తాయి. వానకాలంలో అది మెత్తబడి బురదలా ఉంటుంది, ఆ తేమతో ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఎండాకాలంలో, అందులోనూ ఉత్తర హిందూస్థానపు వడగాడ్పుల్లో, పెనం మీద మాడిన అట్టులాగా బిరుసెక్కి గోడకు కరుచుకుంటుంది. వేడినీళ్లు పోసి కడిగితే సులువుగా కరిగిపోతుంది. కాని యుద్ధం మధ్యలో వేడినీళ్లు ఎక్కడివి?

పాత బ్రౌన్ బెస్ తుపాకీకి ఈ బాధ అంతగా లేదు. దాని గొట్టం నున్నన. రంధ్రం వ్యాసం ముప్పాతిక అంగుళం, గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. అంటే రెండింటికీ మధ్య అంగుళంలో వెయ్యింట అరవై వంతుల ఖాళీ ఉంది. ఎంత మసి పట్టినా గుండు గొట్టంలోకి జారేది. గురి మాత్రం వంద గజాలు దాటితే దేవుడి దయ. 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు అట్లాంటిది కాదు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిరగిర తిరుగుతూ బయటికి రావాలి, అప్పుడే వందల గజాల దూరం గురి నిలుస్తుంది. అందుకని గుండు బిగుతుగా ఉండాలి. గొట్టం 0.577 అంగుళం, గుండు 0.568. ఖాళీ వెయ్యింట తొమ్మిది వంతులు. ఆ తొమ్మిది వంతుల్లోనే గుండుకు చుట్టిన కాగితం కూడా ఇమడాలి, మసి కూడా ఇమడాలి. మూతి దగ్గర పెట్టిన గుండును గజం అనే ఇనుప కడ్డీతో అడుగుదాకా కూరాలి. గుండు చుట్టూ ఉన్న కాగితానికి కొవ్వో మైనమో పూస్తే, దిగేటప్పుడు అది మసిని మెత్తబరుస్తుంది, పేలేటప్పుడు కొంత తుడుచుకుపోతుంది. ఇదీ మా కుర్రవాడి ప్రశ్నకు జవాబు. జారవలసింది మసిమీద.

జవాబు దొరికింది గదా అని పుస్తకం మూసేయబోయిన నాకు అసలు కథ అక్కడే మొదలయింది. పూసిన కొవ్వు ఇంగ్లండు చలిలో నిలిచినట్లు హిందూస్థానం ఎండలో నిలుస్తుందా? ఈ అనుమానం కంపెనీ వారికి వచ్చింది. 1853లో కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డు తూటాలను ఇంగ్లండు నుంచి తెప్పించి కలకత్తా ఫోర్టు విలియంలోను, కాన్పూరులోను, రంగూనులోను పరీక్షకు పెట్టారు. పరీక్ష ఏమిటంటే, కాపలా సిపాయిల తూటాసంచుల్లో వాటిని వేసి నెలల తరబడి మోయించడం. సిపాయి ఎండలో నిలబడతాడు, తూటాలు అతని నడుముకు వేలాడుతుంటాయి, కొవ్వు కరిగిందా లేదా అని తెల్ల అధికారుల సంఘం చూసి వ్రాసుకుంటుంది. ఆ కొవ్వు ఏ జంతువుదో మోసేవాడికి చెప్పవలసిన పని ఉందని వాళ్లకు తోచలేదు. ఒక్కడికి తోచింది. కర్నల్ టకర్ అనే సైనికాధికారి 1853 డిసెంబరులోనే సైనిక బోర్డుకు వ్రాశాడు: ఆ కొవ్వు సిపాయిల కులాచారాలకు విరుద్ధం కాదని తేలేవరకు దేశీయ దళాలకు ఇవ్వకుండా ఉండడం మంచిదని. ఆ కాగితం కాగితాల్లో కలిసిపోయింది. కొవ్వును వాతావరణానికి పరీక్షించారు. మనిషికి పరీక్షించలేదు.

మన పాఠకులకు పనికివచ్చే చిన్న సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆ సిపాయిలను ఉత్తరాది జనం "తిలంగా" అనేవారు. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ వ్రాతల నిండా ఈ మాటే. క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన మొదటి సిపాయిల్లో మన తెలుగుదేశం వాళ్లు ఉండడంవల్ల వచ్చిన పేరది. నూరేళ్లు గడిచేసరికి ఆ పటాలాల్లో ఉన్నది అవధు, భోజపురి ప్రాంతాల రైతుబిడ్డలు. తెలుగువాళ్లు పోయారు, పేరు మిగిలింది. ఎర్రకోట ముందు తిరిగిన తిరుగుబాటుదార్లను ఢిల్లీవాసులు మన పేరు పెట్టి పిలిచారని తెలిసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచిందని ఒప్పుకుంటున్నాను.

1857 జనవరి. కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో కొత్త రైఫిలు వాడకం నేర్పుతున్నారు. అక్కడి తూటాల కార్ఖానాలో పనిచేసే ఖలాసీ ఒకడు ఒక బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగాడు. నీ కులమేమిటని సిపాయి నిరాకరించాడు. "ఆవుకొవ్వూ పందికొవ్వూ నోటితో కొరకబోతున్నావు, అప్పుడు నీ కులమెక్కడుంటుంది?" అన్న అర్థం వచ్చేటట్లు ఖలాసీ ఎత్తిపొడిచాడు. ఈ కథ అందరూ చెబుతారు. చెప్పేవాళ్లు రెండు సంగతులు దాటేస్తారు. ఒకటి, ఆ బ్రాహ్మణ సిపాయి నీళ్లివ్వకపోవడం. దాన్ని దేశభక్తి ఖాతాలో వేయడానికి నా చేయి రాదు. రెండవది, తూటాలో ఏముందో అందరికంటె ముందు బయటపెట్టినవాడు దాన్ని చేసే చోట పనిచేసే కూలివాడు. కొవ్వు సరఫరా చేసిన కంట్రాక్టరు ఏ జంతువు కొవ్వు వాడాలన్న నిబంధన ఏమీ లేదనీ, ప్రత్యేక జాగ్రత్త ఏమీ తీసుకోలేదనీ తరువాత ఆయుధశాఖ అధికారులే ఒప్పుకోవలసి వచ్చింది. చౌకగా దొరికిన కొవ్వు వచ్చి పడింది. మతం మార్చే కుట్ర ఉన్నదా లేదా అని చరిత్రకారులు వాదించుకుంటారు. నాకు కుట్రకంటె ఈ టెండరు బుద్ధే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన విషయం. దమ్‌దమ్ సిపాయిలు మొదట చేసింది తిరుగుబాటు కాదు. పై అధికారి ఎదుట వినయంగా ఒక సలహా ఇచ్చారు: కొవ్వు బదులు మైనము, నూనె తగిన పాళ్లలో కలిపి వాడితే పని జరుగుతుంది గదా అని. మేజర్ బాంటీన్ ఈ మాటను 1857 జనవరి 23న పైకి నివేదించాడు. దీన్ని మతభయంతో పలికిన మాటగానే చరిత్ర చదువుకుంది. ఒక్కసారి పనివాడి మాటగా చదివి చూడండి. జంతువు కొవ్వు నలభై, నలభై అయిదు డిగ్రీల వేడికే కరుగుతుంది. మే నెలలో ఢిల్లీ గాలే అంత వేడి ఉంటుంది. తేనెమైనం కరగాలంటే అరవై డిగ్రీలు దాటాలి. కరిగిన కొవ్వు గుండును వదిలి కాగితంలోకి ఇంకిపోతుంది, కట్టలో తక్కిన తూటాలకు అంటుకుంటుంది. ఉండవలసిన చోట ఉండదు, ఉండకూడని చోటికి పాకుతుంది. కొరకవలసింది మందు ఉన్న కొసను, కొవ్వు ఉన్నది గుండు ఉన్న కొసకు. అట్లాంటప్పుడు నోటికెట్లా తగులుతుందని వాదించే బ్రిటిషు రచయితలు ఎండ అనేది ఒకటి ఉన్నదని మరిచిపోయారు.

ప్రభుత్వం సలహా వినకపోలేదు. సిపాయిలు తమకిష్టమైన మైనమో నెయ్యో బజారులో తెచ్చుకుని తామే పూసుకోవచ్చునన్నది. పళ్లతో కొరకనక్కరలేదు, చేత్తో చింపవచ్చునని కవాతు మార్చింది. కాని అప్పటికి నమ్మకం చచ్చిపోయింది. కాగితం నిగనిగలాడుతోంది, దాంట్లోనే ఏదో ఉందన్న అనుమానం పుట్టింది. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. ఏప్రిల్ 8న ఉరితీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో మూడవ అశ్వదళానికి చెందిన 85 మంది తూటాలు ముట్టమన్నారు. అవి కొత్తవి కూడా కావు, ఎప్పుడూ వాడే పాతరకానివే. మే 9న కవాతు మైదానంలో అందరిముందు వాళ్లకు సంకెళ్లు బిగించారు. మరునాడు ఏం జరిగిందో పాఠకులకు తెలుసు. భూమి, పన్ను, అవధు ఆక్రమణ, జీతంబత్యాలు - ఇవన్నీ పోగుపడి ఉండకపోతే ఒక్క తూటాతో రాజ్యం అంటుకోదు. ఆ కారణాలను గురించి మన పత్రికల్లో చాలామంది వ్రాశారు, నేను మళ్లీ వ్రాయను.

వ్రాయవలసింది ఆ తరువాతి సంగతి. ఆ ఎండల్లో ఎన్‌ఫీల్డులు పట్టుకుని పోరాడినది ప్రధానంగా తెల్లదళాలే. వాళ్లకే గుండు దిగలేదు. కొవ్వు కరిగిపోయి, మసి బిరుసెక్కి, గజంతో ఎంత పొడిచినా గుండు సగంలో ఆగిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. యుద్ధం ముగిసిన తరువాత గుండు వ్యాసాన్ని 0.568 నుంచి 0.55 అంగుళానికి తగ్గించారు. కొవ్వు బదులు తేనెమైనం వాడుకలోకి వచ్చింది. అంటే 1857 జనవరిలో దమ్‌దమ్ సిపాయిలు చెప్పిన మైనమే చివరికి ఖాయమయింది. సిపాయి చెప్పినప్పుడు అది మూఢనమ్మకం. తెల్లసోల్జరు చేయి నొప్పిపుట్టినప్పుడు అది ఆయుధశాస్త్రం.

ఇది ఆ ఒక్క తుపాకీ దోషమనుకుంటే పొరపాటు. 1885 జనవరి 17న సూడానులో అబూ క్లీ బావుల దగ్గర మహదీ సైన్యంతో జరిగిన పోరులో బ్రిటిషువారి మార్టిని-హెన్రీ రైఫిళ్లు ఇరుక్కుపోయాయి. పలుచని ఇత్తడిరేకు చుట్టి చేసిన తూటా వేడెక్కిన గదిలో మసికీ ఇసుకకూ అంటుకుపోయేది. అడుగు ఊడి చేతికి వచ్చేది, ఒళ్లు లోపలే ఉండిపోయేది. వెంట తెచ్చుకున్న గార్డ్‌నర్ మరఫిరంగి డెబ్బై గుళ్లు పేల్చి ఆగిపోయింది. ఒక్క పావుగంటలో డెబ్బైమందికి పైగా తెల్లసైనికులు చచ్చారు. చచ్చిన సూడానీయులు వెయ్యికి పైనే. దీనిమీద న్యూబోల్ట్ అనే ఇంగ్లీషు కవి ప్రసిద్ధమైన పద్యం వ్రాస్తూ ఆగిపోయిన ఫిరంగి పేరు గాట్లింగ్ అని పెట్టాడు. ఛందస్సుకు సరిపోయి ఉంటుంది. ఆ పద్యం ప్రకారం తుపాకీ ఆగినా, స్కూల్లో క్రికెట్టు ఆడి నేర్చుకున్న నిబ్బరం గెలిపిస్తుంది. నాసిరకం తూటా ఎవరు కొన్నారన్న ప్రశ్న అట్లాంటి పద్యాల్లో ఇమడదు.

తరువాత పొగలేని మందు వచ్చింది. మసి బాధ చాలావరకు పోయిందన్నారు. కొన్ని దశాబ్దాల తరువాత, వియత్నాం అడవుల్లో అది మళ్లీ వచ్చింది. ఈ ఘట్టం మీద కొంచెం నిలుస్తాను. దీనికి కాంగ్రెసు విచారణ సాక్ష్యం ఉన్నది.

యూజీన్ స్టోనర్ రూపకల్పన చేసిన రైఫిలు అమెరికా సైన్యంలో ఎం-16 అయింది. పేలిన తూటాలోంచి కొంత వాయువును సన్నని గొట్టం ద్వారా వెనక్కు తెచ్చి, ఆ ఒత్తిడితోనే తుపాకీ తనంతట తాను ఖాళీ తూటాను బయటికి లాగి కొత్తది ఎక్కించుకుంటుంది. వాయువు ఏ మలినం తెస్తే ఆ మలినం తుపాకీ కడుపులోకి పోతుంది. అందుచేత ఏ మందు వాడుతున్నామన్నది ప్రాణప్రదమైన ప్రశ్న. స్టోనర్ దాన్ని డూపాంట్ కంపెనీ తయారుచేసిన ఒకరకం మందుతో సరిపెట్టాడు. గుండు సెకనుకు 3,250 అడుగుల వేగంతో పోవాలని సైన్యం పట్టుబట్టింది. ఆ వేగం కోసం 1964లో ఆలిన్ మాథీసన్ కంపెనీ వారి గుళికలమందును ఆమోదించారు. సైన్యం చాలాకాలంగా ఆ కంపెనీ దగ్గరే కొంటోంది. ఈ మందుతో తుపాకీ జోరు నిమిషానికి ఏడెనిమిది వందల నుంచి వెయ్యిదాకా పెరిగింది, భాగాలు ఓర్చుకోలేకపోయాయి. పైగా మందులో ఆమ్లాన్ని విరచడానికి కలిపిన సున్నపుపదార్థం వాయుగొట్టంలో పేరుకుంది.

ఇక ఉక్కపోత. తూటా కూర్చునే గదికి క్రోమియం పూత వేయలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను వాళ్లు పసిఫిక్ దీవుల తేమకు తట్టుకోవడానికి తమ రైఫిళ్ల గొట్టాలకు ఆ పూత వేసుకున్నారు, అది అమెరికా వారు కళ్లతో చూసిన సంగతే. అయినా వేయలేదు. వియత్నాం తేమవేడికి గది గోడలమీద తుప్పు గుంటలు పడ్డాయి. పేలినప్పుడు ఇత్తడి తూటా ఉబ్బి ఆ గుంటల్లో కరుచుకునేది. లాగితే రాదు. సైనికుడు గొట్టం మూతిలోంచి శుభ్రంచేసే కడ్డీ దూర్చి పొడిచి బయటికి తోసుకోవాలి. నూరేళ్ల కిందటి గజం మళ్లీ చేతికి వచ్చిందన్న మాట! ఆ కడ్డీలు కూడా అందరికీ ఇవ్వలేదు. ఈ తుపాకీకి పెద్దగా శుభ్రం అక్కరలేదన్న మాట ముందే ప్రచారమయింది. 1967 వసంతంలో ఖేసాన్ కొండలమీద పోరాటాల తరువాత, విప్పిపెట్టిన రైఫిలు పక్కన చచ్చిపడి ఉన్న స్నేహితులను గురించి కుర్రవాళ్లు ఇళ్లకు ఉత్తరాలు వ్రాశారు. ఆ ఉత్తరాలు పత్రికలకెక్కాయి, కాంగ్రెసుకెక్కాయి.

పైవాళ్లు మొదట అన్నదేమిటి? కుర్రవాళ్లు తుపాకులు శుభ్రం చేసుకోవడం లేదని. ఇచార్డ్ అధ్యక్షతన ఏర్పడిన ఉపసంఘం 1967 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. తుపాకీ మొరాయించడానికి ముఖ్యకారణం మందు మార్చడమేననీ, లోపం తెలిసి కూడా సరిదిద్దకపోవడం నేరమనదగిన నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందనీ తేల్చింది. విచారణలో బయటపడ్డ ఒక సంగతి చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు వరండాలో తిరిగాను. కొత్తమందుతో పేలిస్తే రైఫిళ్లు పరీక్షలో నెగ్గవని తెలిసి, కోల్ట్ ఫ్యాక్టరీలో మాత్రం పాతమందుతో పరీక్షించి పంపుకోవడానికి సైన్యమే అనుమతి ఇచ్చింది. ఫ్యాక్టరీలో నెగ్గడానికి ఒక మందు, అడవిలో చావడానికి ఒక మందు. తయారుచేసిన స్టోనరును అడిగారా అంటే, అడిగారు, నిర్ణయం అయిపోయిన తరువాత.

ఇక్కడ మనవాళ్లు కొందరు నన్ను నిలదీస్తారని తెలుసు. వియత్నాం ప్రజలను చంపడానికి పోయిన తుపాకీ పేలకపోతే మనకు విచారమా? విచారం లేదు. ఆ తుపాకీ ఎప్పటికీ పేలకుండా ఉంటే మరీ మంచిది. కాని పేలని తుపాకీ పక్కన చచ్చినవాడు ఆలిన్ వాటాదారు కాడు. నిర్బంధ సైన్యంలోకి ఈడ్చుకుపోబడిన కుర్రవాళ్లలో ఎక్కువమంది కార్మికుల కొడుకులు, పేదలు. వాళ్లను పంపినవాడికి వియత్నాం రైతు ప్రాణం ఎంతో, వాళ్ల ప్రాణమూ కొనుగోళ్ల లెక్కలో అంతే. ఈ సంగతి చూడలేని సామ్రాజ్యవాద వ్యతిరేకత సగం చూపుదే.

అట్లాగే మనం బొమ్మలు వేసుకుని జెండాల మీదికెక్కించిన ఎ.కె.-47ను గురించి కూడా ఒక మాట. బురదలో పాతిపెట్టి తీసినా పేలుతుందని మన కుర్రవాళ్లు గొప్పగా చెబుతారు. దాని గొట్టానికీ గదికీ క్రోమియం పూత వేశారు, భాగాల మధ్య కొంత వదులు ఉంచారు. చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతుబిడ్డ మంచులోనూ మన్నులోనూ వాడుకుంటాడని ముందే తలచుకుని చేసిన పని అది. అందులో మహిమ లేదు. తుడవకపోతే అదీ తుప్పు పడుతుంది, అదీ ఇరుక్కుంటుంది. వియత్నాం గెరిల్లాలు తమ తుపాకులను ఎంత శ్రద్ధగా చూసుకునేవారో వాళ్లతో పోరాడినవారే చెప్పారు. తుపాకీకి మహిమ అంటగట్టడం సైనికవాదులు చేసే పని, మనకెందుకు?

ఎం-16కు 1967లో గదికి క్రోమియం పూత వచ్చింది, లోపలి తాకిడి దిమ్మ మారింది, కడ్డీలూ నూనె సీసాలూ పంచారు. 1968లో విల్ ఐస్నర్ అనే ప్రసిద్ధ బొమ్మల కథకుడి చేత రంగుల పుస్తకం వేయించి సైనికులకు ఇచ్చారు. తుపాకీని పడతిగా చూపించి, ఎట్లా లాలించాలో చెప్పే పుస్తకం. బొమ్మలు చక్కనివి, చెప్పిన జాగ్రత్తలు నిజమైనవి. ఆ పుస్తకం చదివి శుభ్రం చేసుకుని బతికినవాళ్లు ఉండే ఉంటారు. మందు మార్చిన సంతకం ఎవరిదో మాత్రం అందులో లేదు.

ఈ సంవత్సరం పాఠం 1857 దగ్గరికి వచ్చినప్పుడు నల్లబల్లమీద రెండు గుండ్రాలు గీశాను. ఒకటి బ్రౌన్ బెస్, ఒకటి ఎన్‌ఫీల్డు. వెయ్యింట అరవై వంతులు, వెయ్యింట తొమ్మిది వంతులు. మధ్యలో సుద్దముక్క అడ్డంగా రుద్ది మసి అన్నాను. కొవ్వు ఎంత వేడికి కరుగుతుందో మైనం ఎంత వేడికి కరుగుతుందో వ్రాశాను. పోయినేడు ప్రశ్న అడిగిన కుర్రవాడు ఇప్పుడు మూడవ సంవత్సరం, ఆ గంట ఖాళీ. గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. గంట కొట్టిన తరువాత లోపలికి వచ్చి, నల్లబల్ల మీది అంకెలు నోటుపుస్తకం వెనుక అట్టమీద ఎక్కించుకుని, "మా నాన్నకు చూపిస్తానండీ" అని వెళ్లాడు.